కెమెరా వెనక కుర్చీ

ఆ ఏడు వానలు పట్టకముందే మా ఆవిడ పనిచేసే కాలేజీ గోడలు బీటలిచ్చాయి. ఇంజినీరు వచ్చి పైకప్పు కేసి చూసి, పిల్లల్ని లోపలికి పంపితే తరవాత నన్ను అడగొద్దని చెప్పి వెళ్లిపోయాడట. దాంతో వానలు వెలిసి మరమ్మతు అయ్యేదాకా పాఠాలన్నీ ఇంటి నుంచే, ఫోన్లలోనే అని తేల్చారు. అలా, జన్మలో మళ్లీ మొహం చూడక్కర్లేదనుకున్న చదువు నేరుగా వచ్చి మా ముందుగదిలో బైఠాయించింది.

నాది నీళ్ల మోటార్లు బాగుచేసే పని. వీధి వైపు రేకుల షెడ్డు నా షాపు, దాని వెనక ఇల్లు. వానాకాలం జనానికి నీళ్లు పైనుంచే వస్తాయి కాబట్టి నా గడప తొక్కేవాళ్లుండరు. ఎండాకాలం "అన్నా, అన్నా" అని వెంటపడేవాళ్లు కూడా వానల్లో గొడుగు అడ్డం పెట్టుకుని పోతారు. కాబట్టి ఆ కాలమంతా నేను ఇంట్లోనే ఉన్నాను. జరిగినదానికి సగం కారణం అదే.

మా ఆవిడ వృక్షశాస్త్రం చెబుతుంది. పర్మనెంట్ కాదు, ఏటా కాంట్రాక్టు రాయించుకునే కొలువు. ఆ సబ్జెక్టుకి ఆమె కాక ఇంకో మాస్టారు కూడా ఉన్నాడు. ఈ ఆన్‌లైన్ పాఠాలు ముగిసేసరికి ఇద్దరిలో ఒక్కరినే ఉంచుతామని డిపార్టుమెంటు హెడ్ గారు ముందే చెప్పేసింది. పిల్లల మార్కులు చూస్తుందట, పాఠాలు ఎలా చెబుతున్నారో చూస్తుందట, అప్పుడు తేలుస్తుందట.

"అంటే మీ ఇద్దరికీ పందెం పెట్టింది," అన్నాను.

"పందెం కాదండీ, పరిశీలన."

"చదువుకున్నవాళ్లు కదా, దేనికైనా మంచి పేరు దొరుకుతుంది."

ఆన్‌లైన్‌లో పాఠం ఎలా చెప్పాలో నేర్పడానికి కాలేజీవాళ్లు ఒకతన్ని పెట్టారు. అతనూ ఆన్‌లైన్‌లోనే నేర్పాడు. నేను పక్కగదిలో పడుకుని విన్నాను. వెలుతురు మొహం మీద పడాలి, వీపు వెనక కిటికీ ఉండకూడదు. కెమెరా కళ్ల ఎత్తున ఉండాలి. ఏకబిగిన గంటసేపు వాయించకూడదు, పాఠాన్ని చిన్న ముక్కలు చెయ్యాలి. పిల్లలు కెమెరాలు కట్టేస్తే మిగిలే నల్లటి గళ్లు చూస్తూ మాట్లాడితే గొంతులో జీవం పోతుంది, అందుకని కెమెరా వెనక ఏదో ఒక మొహం పెట్టుకోవాలి, ఫొటో అయినా సరే, బొమ్మ అయినా సరే. "ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన విషయం," అన్నాడతను. అంతే, మనిషి బిగుసుకుపోయాడు. నోరు తెరిచి ఉన్నది తెరిచినట్టే ఉండిపోయింది. తెర మధ్యలో చక్రం తిరగడం మొదలెట్టింది. మా ఆవిడ పెన్ను పట్టుకుని చాలాసేపు ఎదురుచూసింది. ఆ ముఖ్యమైన విషయం ఏమిటో ఇప్పటికీ మా ఇంట్లో ఎవరికీ తెలీదు.

ఫోను నిలబెట్టడానికి స్టాండు కొంటానంది. అక్కర్లేదని కాలిపోయిన మోటారు డొక్కు ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టి, దాని రెక్కల సందులో ఫోను బిగించాను. ముక్కు చీదినా కదలదు. కిటికీకి ఎదురుగా కుర్చీ వేశాను. మొదటిరోజు మా ఆవిడ కాలేజీకి వెళ్లేటప్పుడు కట్టుకునే చీర కట్టుకుని, చెప్పులు కూడా వేసుకుని వచ్చి కూర్చుంది.

"గుడ్ మార్నింగ్. అందరూ వచ్చారా?"

తెర నిండా నల్లటి గళ్లు. గడి కింద ఒక పేరు. ఒకదాని కింద 'నాన్న ఫోన్' అని ఉంది. ఎవరూ పలకలేదు.

"వినిపిస్తోందా?"

వినిపిస్తోందని ఎవరో టైపు చేశారు. ఆమె వేరు గురించి మొదలెట్టింది. మొదట్లో బాగానే ఉంది గానీ, పోనుపోను ఆమె గొంతు బావిలోకి దిగిపోతున్నట్టు సన్నబడింది. ఒకచోట పూర్తిగా ఆగి, "నేను ఉన్నానా?" అంది. పిల్లల్ని కాదు, తనని తనే అడుగుతున్నట్టు. గుమ్మంలో నిలబడి చూస్తున్న నాకు నవ్వొచ్చింది. నవ్వలేదు.

మర్నాడు కెమెరా వెనక మొహం పెట్టే చిట్కా ప్రయోగించింది. మా ఇంట్లో నిలబెట్టడానికి వీలుగా చట్రం కట్టిన ఫొటో ఒక్కటే ఉంది, పోయిన మా నాన్నది. దాన్ని తెచ్చి ఫోను వెనక పెట్టింది. ఆ రోజు పాఠం పువ్వు. కేసరాలు, రక్షకపత్రాలు అయ్యేదాకా పరవాలేదు. పుప్పొడి ఎక్కడికి వెళ్లి ఏం చేస్తుందో చెప్పాల్సిన చోటికి వచ్చేసరికి మా ఆవిడ కొంగు భుజం మీదుగా నిండుగా లాక్కుంది. గొంతు తగ్గించింది. మామగారి కళ్లలోకి చూస్తూ "ఫలదీకరణ" అనే మాట ఆమె నోట రాలేదు. ఉన్నట్టుండి కుర్చీలోంచి లేచి నిలబడింది. పిల్లలకి ఆ పూట ఆమె నడుము మాత్రమే కనబడింది.

"ఆయన పోయి ఎన్నేళ్లయిందే!" అన్నాను.

"అయితే? అలాగే చూస్తున్నారుగా!"

తరవాత మా అమ్మని కూర్చోబెట్టింది. అమ్మకి కోడలంటే ఇష్టం. ప్రతి వాక్యానికీ "అలాగా అమ్మాయ్!" అని గట్టిగా ఆశ్చర్యపోయింది. మాట్లాడకూడదత్తయ్యా అన్నాక నోరు మూసుకుంది, దాంతోపాటు కళ్లూ మూసుకుంది. కాసేపటికి 'నాన్న ఫోన్' గడిలోంచి ఒక సందేశం వచ్చింది: "మేడమ్, క్లాసులో ఎవరో గురక పెడుతున్నారు. మేము కాదు."

ఇక మిగిలింది నేను.

"మాట్లాడకూడదు. కదలకూడదు. అర్థమైతే తలూపండి, కాకపోతే ఊపకండి. అంతే మీ పని," అంది.

"జీతం?"

"టీ."

వేరే పని లేక ఒప్పుకున్నాను. ఫోను వెనక కుర్చీ వేసుకుని కూర్చున్నాను. పిల్లలకి నేను కనబడను, ఆమెకి మాత్రం నేనే కనబడతాను. బడికీ నాకూ ఏడో తరగతిలోనే చెల్లిపోయింది. అంతకాలం బడిలో నేను పూర్తిగా నేర్చుకున్న విద్య ఒక్కటే, తలూపడం. అదీ ఊరికే ఊపితే కుదరదు. మాస్టారు వాక్యం ముగించబోతుండగా కళ్లు కాస్త చిన్నవి చేసి, ఒక్క క్షణం ఆగి, అప్పుడే లోపల ఏదో వెలిగినట్టు మెల్లగా ఊపాలి. అలా ఊపినవాణ్ణి ఏ మాస్టారూ లేపి ప్రశ్న అడగడు. ఆ విద్యంతా మా ఆవిడ ముందు ధారపోశాను.

ఆమె మారిపోయింది. గొంతు లేచింది, చేతులు ఆడాయి, జోకులు కూడా వేసింది. మా ఇద్దరి మధ్య గ్యాస్ అయిపోయింది, అమ్మకి మందులు తేవాలి, గేటు వేశారా అనే మాటలే తప్ప వేరే మాటలు ఉండేవి కావు. ఇప్పుడు ఈవిడ నా కళ్లలోకి చూస్తూ, వేరు చివర ఒక చిన్న టోపీ ఉంటుందనీ, మట్టిని తొలుచుకుపోతుంటే ఆ టోపీ అరిగిపోతూ మళ్లీ పుడుతుంటుందనీ చెబుతోంది. అబద్ధమెందుకు, కొన్ని బాగానే ఎక్కాయి. ఒకరోజు ఎవరూ చూడకుండా గేటు పక్క మొక్క ఆకు తిప్పి, అడుగువైపు గాలి పీల్చే నోళ్లు, పత్రరంధ్రాలు, ఉంటాయందే, ఎక్కడా అని వెతికాను. కళ్లద్దాలు పెట్టుకుని కూడా వెతికాను. కనిపించలేదు. మైక్రోస్కోపులో తప్ప కనిపించవట, ఆ ముక్క చెప్పేటప్పుడు నేను టీ చల్లారిందేమో చూసుకుంటున్నాను.

ఎక్కనివి ఎక్కువ. వాటికీ ఊపాను. ఊపగానే ఆమె మొహం విప్పారేది, తరవాత పేజీకి వెళ్లేది. చెట్టు తాగే నీళ్ల పాఠం వచ్చిన రోజు మాత్రం కష్టమైంది. వేళ్లలోంచి నీళ్లు సన్నటి గొట్టాల్లో పైకెక్కి, ఎంత ఎత్తు చెట్టయినా చిట్టచివరి ఆకుదాకా చేరతాయి అంది. ఆకులు లాగుతాయట. నాకు ఒళ్లు మండింది. నీళ్లు పైకి ఎక్కించడం ఎంత కష్టమో నా నడుముని అడిగితే చెబుతుంది. అయినా తలూపాను. పుస్తకాల్లో రాశాక కాదనడానికి నేనెవణ్ణి?

పాఠాలు పరుగు తీశాయి. ఇంకో మాస్టారి కంటే తనే ముందుందని ఆమె మురిసిపోయింది. అప్పుడు పరీక్ష పెట్టారు.

మార్కులు వచ్చిన రోజు హెడ్ గారు ఫోను చేసింది. మా ఆవిడ స్పీకర్లో పెట్టి నిలబడే మాట్లాడింది.

"ఏంటమ్మా ఇది? సగానికి సగం తప్పారు. రాసినవాళ్లు కూడా చిలకపలుకులు రాశారు. అక్కడ ఆయన సెక్షన్‌లో ఎంతో కొంత నయం. నువ్వు పాఠం చెప్పేటప్పుడు వాళ్లకి ఎక్కుతోందో లేదో చూసుకోవా?"

"చూసుకుంటున్నాను మేడమ్."

"ఏం చూసుకుంటున్నావు? కెమెరాలన్నీ కట్టేసి ఉంటాయిగా?"

మా ఆవిడ నా వైపు చూసింది.

"చూడమ్మా, నీ మీద నాకేం కోపం లేదు. కానీ ఇలాగే ఉంటే నిన్ను ఉంచమని నేను పైవాళ్లకి ఎలా చెప్పను? వానలు వెలిసేలోపు ఒకరోజు నేనే క్లాసులో కూర్చుంటా. అది చూశాకే నా మాట."

ఫోను పెట్టేశాక ఆమె వచ్చి తన కుర్చీలో కాకుండా నా కుర్చీలో కూర్చుంది. కెమెరా వెనక నుంచి ఖాళీగా ఉన్న తన కుర్చీ కేసి చూసింది.

"చెట్టులో నీళ్లు ఎలా పైకెక్కుతాయి?" అంది.

"ఎవర్ని అడుగుతున్నావు?"

"మిమ్మల్నే. అర్థమైందిగా. చెప్పండి."

"గొట్టాలుంటాయి. సన్నవి. వాటిల్లోంచి..." అని నీళ్లు నమిలాను.

"ఊఁ, వాటిల్లోంచి?"

"ఎక్కుతాయి."

"ఎలా?"

"నన్ను అడుగుతావేంటే? పంతులమ్మవి నువ్వు!"

"మీరు తలూపారు కదండీ," అంది. గొంతు పెంచలేదు. "మీరు ఊపాకే నేను ముందుకు వెళ్లాను. ప్రతిసారీ."

తిడితే బాగుండేది. తిరిగి తిట్టడం నాకు బాగా వచ్చు. తిట్టకపోయేసరికి ఏం చెయ్యాలో తోచక అసలు సంగతి కక్కేశాను.

"అది అబద్ధం కాబట్టి అర్థం కాలేదు. రాసినవాడు ఎవడో గానీ జన్మలో బావిలోకి తొంగి చూసి ఉండడు. ఒడ్డున పెట్టిన మోటారు ఎంత లోతు నుంచి లాగుతుందో తెలుసా? రెండంతస్తుల మేడంత. కాస్త అటూ ఇటూ. అంతకన్నా లోతుంటే ఎంత పెద్ద మోటారు పెట్టు, ఊరికే అరుస్తుంది తప్ప చుక్క రాదు. అప్పుడు మోటారునే నీళ్లలోకి దింపి కిందనుంచి తొయ్యాలి. ఎదురు వీధిలో ఆ చెట్టు చూశావా, మూడంతస్తుల మేడ దాటి ఉంది. దానికి కింద మోటారు ఎవడు బిగించాడు? ఆకు లాగుతుందట, ఆకు!"

ఆమె నన్ను వింతగా చూసింది. "ఇది క్లాసులో ఎందుకు అడగలేదు?"

"మాట్లాడకూడదన్నావుగా."

"తల ఊపకపోతే సరిపోయేదిగా?"

ఆమె జవాబు కోసం ఆగలేదు. కుర్చీ ముందుకు జరుపుకుంది. "సరే, ఇది చెప్పండి. మీ మోటారు నీళ్లని ఎలా లాగుతుంది?"

"లాగుతుంది. దాని పనే అది."

"లాగదు."

"ఏంటే లాగదు? నా పొట్ట దాని మీద నిండుతోంది!"

"మీ మోటారు పైపులో గాలిని తీసేస్తుంది, అంతవరకే. అక్కడ ఖాళీ ఏర్పడుతుంది. బావిలో నీళ్ల మీద బయటి గాలి బరువు ఉంటుంది కదా, ఆ బరువు నీళ్లని పైపులోకి తోస్తుంది. తోసేది గాలి. దాని బరువు ఎంతవరకు తొయ్యగలదో అంతే ఎత్తు ఎక్కుతాయి. అందుకే పెద్ద మోటారు పెట్టినా లాభం లేదు."

నేను లేచి షెడ్డులోకి వెళ్లాను. అక్కడ విప్పి పెట్టిన పంపు ఒకటి ఉంది. దాని నోట్లో వేలు పెట్టి కాసేపు నిలబడ్డాను. వయసంతా ఇవి లాగుతున్నాయనుకునే బతికాను. గిరాకీలకి కూడా అలాగే చెప్పాను. లోతు మాట నాకు తెలుసు, ఎందుకో ఎప్పుడూ ఆలోచించలేదు. అది అంతే అనుకున్నాను. ఉక్రోషం రావాల్సిన చోట నాకు మరో ప్రశ్న వచ్చింది. తిరిగి లోపలికి వచ్చాను.

"మరి చెట్టు?"

"చెట్టు నిజంగానే లాగుతుంది," అంది. "ఆకు నోళ్లలోంచి నీళ్లు ఆవిరై పోతుంటాయి. పోయే ప్రతి చుక్కా తన వెనక చుక్కని పట్టుకుని ఉంటుంది. నీళ్లు ఒకదాన్నొకటి వదలవు, గొట్టం అంత సన్నగా ఉంటే. కిందదాకా ఒకే దారంలా ఉంటుంది. పైన లాగితే కింద కదులుతుంది."

"మధ్యలో గాలి చొరబడితే?"

"దారం తెగుతుంది. ఆ గొట్టం ఇంక పనిచెయ్యదు."

గాలి పట్టడం! ఆ మాట నాకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు? నా గిరాకీల్లో సగం మంది ఆ జబ్బుతో వచ్చేవాళ్లే. "చూపించగలవా?" అని అడిగాను.

"కాలేజీ లాబ్‌లో సామాను ఉంది. ఇక్కడేముంది?"

"ఏం కావాలో చెప్పు."

మేస్త్రీలు మట్టం చూసుకునే సన్నటి పారదర్శకమైన పైపు షెడ్డులో ఉంది. ఆకుల కొమ్మ ఒకటి గేటు పక్కది. కొమ్మని బక్కెట్లో నీళ్లలో ముంచి, నీళ్లలోనే కొయ్యాలంది, లేకపోతే గాలి పడుతుందని. నీళ్లతో నింపిన పైపు కొసలో కొమ్మ దూర్చి రబ్బరు చుట్టాను. మొదటిసారి కారింది. రెండోసారీ కారింది. అమ్మ చూసి, "మొక్కకి కూడా పైపు వేస్తున్నావా, దాని దగ్గర ఏం వసూలు చేస్తావురా?" అంది. చివరికి నిలిచింది. పైపు రెండో కొసని ఎర్ర సిరా కలిపిన నీళ్ల గ్లాసులో ముంచేముందు, నీళ్లు కదిలితే కంటికి తెలియాలని, కావాలనే చిన్న గాలిబుడగని పైపులోకి రానిచ్చి వదిలిపెట్టింది.

మర్నాడు క్లాసులో కెమెరాని తన మొహం మీంచి తిప్పి ఆ బుడగ మీద పెట్టింది. పైపు వెనక అమ్మ కుట్టుపని టేపు అంటించాం.

"అందరూ ఈ బుడగ కేసి చూడండి. నేనేమీ మాట్లాడను," అంది.

బుడగ కదలలేదు. నల్లటి గళ్లు నల్లగానే ఉన్నాయి. ఆమె పెదవి కొరుక్కుంది. నేను కళ్లద్దాలు తెచ్చుకుని ముక్కు పైపుకి ఆనేంత దగ్గరగా వంగాను. ఎంతసేపటికో అది ఒక గీత వదిలి ఇంకో గీత మీదికి వచ్చింది. కొమ్మ వైపు. కింద మోటారు లేదు, పైన మోటారు లేదు. ఎవరూ ముట్టుకోలేదు. ఆకులు మాత్రం ఉన్నాయి.

"మేడమ్, కదిలింది!" అని ఒక ఆడపిల్ల గొంతు. 'నాన్న ఫోన్' గడి తెల్లబడి, రెండు జడలు, వెనక అరుగు కనిపించాయి. తరవాత మరొకటి తెరుచుకుంది.

"ఇప్పుడు ఫ్యాను వేస్తే ఏమవుతుంది?" అని అడిగింది మా ఆవిడ.

ఒకడు ఆగిపోతుందన్నాడు. ఒక పిల్ల వెనక్కి వస్తుందంది. మా ఆవిడ టేబుల్ ఫ్యాను కొమ్మ వైపు తిప్పి వేసింది. బుడగ ఇందాకటికన్నా జోరుగా, కంటికి తెలిసేలా పాకింది.

"ఆగు, ఆగు! ఫ్యాను ఆపు! కొమ్మ ఊగుతోంది కాబట్టి కదిలిందేమో, పైపు మూతి దగ్గర కొమ్మని గట్టిగా పట్టుకుని మళ్లీ వెయ్యి!" అని అరిచింది నేను. మాట్లాడకూడదన్న సంగతి ఎప్పుడు మరిచిపోయానో తెలీదు.

తెర మీద అందరూ ఆగిపోయారు. "మేడమ్, ఆయనెవరు?" అంది జడల పిల్ల.

"మా ఇంట్లో ఒకాయన," అంది మా ఆవిడ. "ఆయన అడిగింది కరెక్టే. పట్టుకుని చూద్దాం."

పట్టుకుని చూశాం. అయినా పరుగెత్తింది.

ఆ రోజు నుంచీ పాఠం నడక మారింది. ఆమె రెండు మాటలు చెప్పి నన్ను చూసేది. నేను ఊపేవాణ్ణి కాదు. అర్థంకానిచోట అడిగేవాణ్ణి. నేనడిగితే పిల్లలూ అడగడం మొదలెట్టారు. మేడమ్ వాళ్లింట్లో ఒకాయన అంత మొద్దు ప్రశ్నలు వేస్తుంటే తాము సిగ్గుపడటం దేనికనుకున్నారేమో. రెండో పరీక్షలో మార్కులు పైకి లేచాయి. నేను షెడ్డులో ఈల వేస్తూ పని చేసుకుంటున్నానని అమ్మ నాకు చెప్పేదాకా నాకే తెలీదు.

అప్పుడు హెడ్ గారు మళ్లీ ఫోను చేసింది. పాఠాలన్నీ రికార్డవుతాయి కదా, ఆమె కూర్చుని వింది.

"ఎవరమ్మా ఆ మగ గొంతు?"

"మా వారు మేడమ్."

"స్టాఫా? కాదు. స్టూడెంటా? కాదు. బయటి మనిషి క్లాసులో కూర్చుని మాట్లాడుతుంటే రేపు ఏ పిల్ల తల్లిదండ్రులో అడిగితే నేనేం చెప్పను? మార్కులు బాగున్నాయి, సంతోషం. కానీ ఆయన వద్దు. వచ్చేవారం నేను కూర్చునే రోజు సరేసరి, ఆ తరవాత కూడా వద్దు."

ఫోను పెట్టేశాక మా ఆవిడ నా వైపు తిరిగింది. ఆమె నోరు తెరిచే లోపే నేను కుర్చీ ఎత్తాను.

"ఇదివరకు కూడా నన్ను క్లాసులోంచి బయటికి పొమ్మన్నారు," అన్నాను. "అప్పుడు కనీసం పక్కవాడి పలక పగలగొట్టాను."

"ఉద్యోగం అండీ," అంది.

"నేనేమైనా అన్నానా?"

కుర్చీ షెడ్డులో పెట్టుకున్నాను. ఆమె క్లాసులో కొత్త ఏర్పాటు చేసుకుంది. రోజుకొక పిల్ల, లేదా పిల్లవాడు కెమెరా తెరుచుకుని కూర్చోవాలి. మిగతా అందరి తరఫునా అర్థంకాలేదని చెప్పే బాధ్యత వాళ్లది. గోడ ఇవతల నుంచి నాకు గొంతులు వినబడేవి, మాటలు తెలిసేవి కావు. ఎవరో నవ్వేవారు. దేనికో తెలిసేది కాదు. ఆకు నోళ్లు ఎప్పుడు మూసుకుంటాయి అనే చోట నన్ను లేపేశారు. నీళ్లు తగ్గితే మూసుకుంటాయని తెలిసింది. మరి నీళ్లు తగ్గిన సంగతి దానికి ఎవరు చెబుతారు? అడుగుదామంటే ఆమె పాఠం అయ్యేసరికి వాలిపోయి ఉండేది. పైగా నాకు రోషం.

అందుకని ఒక ఉదయం ఆమె స్నానానికి వెళ్లినప్పుడు ఆమె ఫోన్లోంచి క్లాసు లింకు నా ఫోనుకి పంపుకున్నాను. వినడానికి మాత్రమే. గడి నల్లగా ఉంచి, గొంతు కట్టేసి, చప్పుడు చెయ్యకుండా ఒక మూల కూర్చుంటే ఎవరికేం నష్టం? షెడ్డు తలుపు వేసుకుని, చెవిలో వైరు పెట్టుకుని నొక్కాను.

లోపలికి వెళ్లాక చూసుకున్నాను. ప్రతి గడి కిందా పేరు ఉంటుంది కదా. నా గడి కింద నా ఫోనుకి నేను పెట్టుకున్న పేరే పడింది: 'మోటారు డాక్టర్, అన్ని రిపేర్లూ'. దాని పక్క గడిలో కళ్లద్దాలతో, జుట్టు బిగించి ముడేసుకుని ఒకావిడ కూర్చుని ఉంది. ఫొటోల్లో చూసిన మొహమే. హెడ్ గారు. కూర్చుంటానన్న రోజు ఆ రోజే.

బయటపడే మీట ఎక్కడుందో నాకు తెలీదు. నొక్కినవన్నీ ఇంకేవో తెరిచాయి. ఒకసారి నా చెవే తెర నిండా కనబడి మాయమైంది.

మా ఆవిడ చెబుతోంది: "నీళ్లు తగ్గుతున్నాయని వేరుకి ముందు తెలుస్తుందా, ఆకుకి ముందు తెలుస్తుందా? ఎవరైనా..."

అక్కడ ఆగింది. ఆమె కళ్లు తెర మీద ఒకచోట నిలిచాయి. అవి నన్నే చూస్తున్నాయని నాకు తెలిసింది. నా వైపు చూస్తే ఆమె కనుబొమ్మ ఎలా ఉంటుందో ఆ వానాకాలమంతా చదువుకున్నాను. ఒక్క క్షణం. తరవాత ఆమె చెయ్యి ముందుకు వచ్చింది.

నా తెర నల్లబడింది. 'మిమ్మల్ని ఈ సమావేశం నుంచి తొలగించారు' అని అక్షరాలు వచ్చాయి.

వైరు తీసేశాను. గోడ అవతల ఆమె గొంతు, ఏమీ జరగనట్టు, తొణక్కుండా సాగుతోంది. ఎవరో పిల్లవాడు జవాబు చెబుతున్నాడు. తడబడుతున్నాడు. ఆమె తొందరపెట్టడం లేదు. నేను అలాగే కూర్చుని ఉన్నాను. వాన రేకుల మీద పడుతోంది. ఆ పిల్లవాడు ఏమన్నాడో వినబడలేదు.

మధ్యాహ్నం భోజనానికి పిలిస్తే ఆకలి లేదన్నాను. సాయంత్రం వాన తెరిపి ఇచ్చాక ఆమె షెడ్డులోకి వచ్చింది. ఇన్నేళ్లలో ఆమె అక్కడికి వచ్చి కూర్చున్నది లేదు; గుమ్మంలో నిలబడి పిలిచి పోయేది. గ్రీజు అంటుతుందని చీర కుచ్చిళ్లు దగ్గరికి తీసుకుని, ఇదివరకు కెమెరా వెనక ఉన్న కుర్చీలో కూర్చుంది.

"హెడ్ గారు ఇప్పుడే చేశారు," అంది. "నన్నే ఉంచమని రాస్తున్నారట."

"మంచిది."

"కాలేజీ కూడా తెరుస్తారట, పనైపోవచ్చిందట."

"ఇంకా మంచిది. ముందుగది ఖాళీ అవుతుంది." స్పానరు తీసుకుని అక్కర్లేని నట్టు ఒకటి బిగించాను. "బయటి మనిషితో మాట్లాడొచ్చా మేడమ్ గారూ? రికార్డేమైనా అవుతోందా?"

ఆమె నవ్వలేదు. "ఆవిడ పక్క గడిలోనే ఉందండీ. ఏం చెయ్యమంటారు?"

"నేనైనా అదే చేద్దును," అన్నాను. అది నిజం. నిజం కాబట్టే మింగుడు పడలేదు. "సరిగ్గా ప్రశ్న అడిగి నన్ను తోసేశావు. జవాబు వాడెవడో చెప్పాడు, నాకు వినబడలేదు."

"ఏ ప్రశ్న?"

"వేరుకి ముందు తెలుస్తుందా, ఆకుకి ముందు తెలుస్తుందా అని."

ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. పొద్దుటి నుంచీ మొదటిసారి ఆమె మొహంలో ఆ వెలుగు చూశాను. "మీరేమనుకుంటున్నారు?"

"నాకేం తెలుసు? చెప్పేయరాదూ!"

"చెప్పను. మీరేమనుకుంటున్నారు?"

స్పానరు కింద పెట్టాను. బావి ఎండితే ముందు తెలిసేది బావి పక్క ఉన్నవాడికా, మేడ మీద కొళాయి తిప్పినవాడికా? కొళాయి తిప్పినవాడికే. నేనెరిగిన ప్రతి ఇంట్లోనూ అంతే. "ఆకుకి," అన్నాను.

"ఎందుకని?"

చెప్పాను. కొళాయి సంగతంతా వింది. తల అడ్డంగా ఊపింది. "అంత సులువు కాదు. ఇంకోసారి ఆలోచించండి."

"అయితే వేరుకి."

"ఊరికే రెండోది చెప్పకండి. ఎందుకో చెప్పండి."

"వేరుకి తెలిస్తే మాత్రం ఆ సంగతి అంత పైకి ఎలా చేరుతుందే? ఎవడు మోసుకెళ్తాడు?"

"అదీ ప్రశ్న," అంది, కుర్చీ నా బల్ల దగ్గరికి లాక్కుంటూ. "ఎవడు మోసుకెళ్తాడు?"

లోపలినుంచి అమ్మ కంచాలు పెట్టేశానని కేకేసింది. వస్తున్నామని నేనన్నాను. వస్తున్నాం అత్తయ్యా అని ఆమె కూడా అంది. ఇద్దరం లేవలేదు.